ఏటి గట్టున పిల్లలకి ఏం నేర్పాలి, ఏం చదివించాలి?

విభాగం: మన ఊళ్ళు / పిల్లలు, చదువు, ఆటలు

గట్టుమీద_మాస్టారు
నవంబర్ 9, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. వంశధార గట్టున ఉన్న ఒక ఊళ్ళో హైస్కూల్లో బయాలజీ చెబుతాను. మా ఏడు, ఎనిమిది తరగతుల గుంటల్లో కొందరు బడి వదలగానే గేలాలు పట్టుకుని ఏటికి పోతారు. అది తప్పని నేను అనుకోను. అరుగు మీద ఫోను పట్టుకుని కూర్చోవడం కంటే నయమే. కానీ మొన్న ఒక జట్టు ఉండేలుతో కొంగని కొట్టి, అది రెక్కలు కొట్టుకుంటుంటే వీడియో తీసి స్టేటస్ పెట్టింది. తినడానికి కాదు, అమ్మడానికి కాదు. వీళ్ళ తాతలూ చేపలు పట్టారు, పిట్టలు కొట్టారు. వాళ్ళకి ఒక లెక్క ఉండేది. ఆ లెక్క వీళ్ళదాకా రాలేదు.

రెండోది చదువు. టెక్స్టు బుక్కు తప్ప ఇంకో పుస్తకం ముట్టరు. బడి బీరువాలో కథల పుస్తకాలు, పక్షుల పుస్తకాలు, అన్నీ ఉన్నాయి, కొత్త వాసన కూడా పోలేదు.

ఆదివారాలు ఇష్టమున్నవాళ్ళని వెంటబెట్టుకుని ఏటికి వెళ్దామని ఉంది. సంచిలో నాలుగు పుస్తకాలు కూడా. రెండూ కలిపితే కుదురుతుందా, లేక రెండూ చెడతాయా? చేసి చూసినవాళ్ళు చెప్పండి. ఉపన్యాసాలు మాత్రం వద్దు, అవి బడిలో నేనే రోజూ ఇస్తున్నాను.

చిలకపాలెం_జంక్షన్
నవంబర్ 9, రాత్రి 9:02

ఆదివారం కూడా మాస్టారి ముఖమే కనిపిస్తే గుంటలు ఏట్లో దూకేస్తారు సార్. ముందు ఈత నేర్పండి.

భావనపాడు_తెప్ప
నవంబర్ 9, రాత్రి 10:25

మాస్టారూ, మాది వేటకెళ్ళే కుటుంబం. సముద్రం సంగతి తర్వాత, ముందు చెరువు సంగతి చెబుతాను. మా అమ్మమ్మగారిది టెక్కలి వైపు ఊరు. వానలు పడి చెరువు నిండాక గట్టు వార, తూటికాడ గుబుర్ల పక్కన, నీటి మీద చాటంత మేర ఎర్రటి మచ్చ కదులుతుంది. దగ్గరికెళ్ళి చూస్తే అవి కొర్రమీను పిల్లలు, వందల్లో ఉంటాయి. అన్నీ ఒక్కసారి పైకొచ్చి గాలి మింగి దిగుతాయి. ఆ చోట నీళ్ళు ఎసరు మరిగినట్టు బుడబుడమంటాయి. ఆ మంద కిందే తల్లి చేప కాపలా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ టైములో మంద మీద కప్పపిల్లని గేలానికి గుచ్చి ఆడించారనుకోండి, తల్లి ఆకలితో కాదు, కోపంతో వచ్చి కరుస్తుంది. అంత సులువుగా కొర్రమీను ఇంకెప్పుడూ పడదు. సులువు కాబట్టే మా తాత పట్టనిచ్చేవాడు కాదు. తల్లిని లాగేస్తే ఆ పిల్లల్ని మిగతా చేపలు, నీటికాకులు కలిసి ఒక పూటలో ఖాళీ చేస్తాయి. వచ్చే ఏడాదికి చెరువులో కొర్రమీను ఉండదు.

దీని గురించి ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది లేదు. ఎర్ర మంద కనబడగానే గేలం చుట్టేసి చంకన పెట్టుకుని ఇంకో వారకి నడిచేవాడు. మేమూ వెనకాలే నడిచేవాళ్ళం. ఎందుకు తాతా అని అడిగితేనే చెప్పేవాడు, అదీ ఒక్క ముక్కలో.

కాబట్టి మాస్టారూ, మీరు వెళ్ళండి. గేలం మీరూ పట్టుకోండి. చేతులు కట్టుకుని ఒడ్డున నిలబడితే మాత్రం అది ఇన్‌స్పెక్షన్ అయిపోతుంది.

బెంగళూరు_సిక్కోలోడు
నవంబర్ 10, ఉదయం 7:15

మంచి ఆలోచన సార్. ఇక్కడ మా గ్రూపు వీకెండ్‌లో చేపలకి వెళ్తుంది. మేం పట్టింది పట్టినట్టు వదిలేస్తాం. పిల్లలకి అదే నేర్పితే జీవహింస ఉండదు. గేలం ములుకు వెనక ఉండే చిన్న ముల్లుని పట్టకారుతో నొక్కేస్తే కొక్కెం తేలిగ్గా ఊడి వస్తుంది, చేప నోరు చిరగదు. చేపని పట్టుకునే ముందు చేతులు తడుపుకోవాలి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది, వదిలినా తర్వాత జబ్బు చేసి చచ్చిపోతుంది. వీడియోలు పంపమంటే పంపుతాను.

హవల్దార్_రిటైర్డ్
నవంబర్ 10, ఉదయం 9:30

తమ్ముడూ, వదిలేసేదానికి పట్టడం దేనికి? దాని నోట్లో కొక్కెం గుచ్చి, ఒడ్డుకి లాగి, ఫొటో తీసి, మళ్ళీ నీళ్ళలో వేసి, దానికి మేలు చేశానంటే ఎలా? మాస్టారు చెప్పిన కొంగ వీడియోకి, దీనికి నాకు పెద్ద తేడా కనబడటం లేదు. కోపం తెచ్చుకోకు. మా ఇంట్లో పద్ధతి ఒకటే, తినేదే పట్టు, పట్టింది తిను. కూరకి సరిపడా పడ్డాయా, గేలం చుట్టు. అరవేలంత చేప పడితే వదిలెయ్, అది వేరు. దానికి చెయ్యి తడుపుకోవడం, ముల్లు నొక్కడం పనికొచ్చే మాటలే, అవి మాత్రం తీసుకుంటాను.

మాస్టారికి ఒక మాట. మన జిల్లాలో తెల్లవారుజామున రోడ్డు మీద పరిగెత్తే కుర్రాళ్ళంతా ఆర్మీ సెలక్షన్ కోసమే పరిగెత్తుతున్నారు. సెలక్షన్ అయితే ఆపేస్తారు, పోతే ఆ రోజే ఆపేస్తారు. దేనికో పనికొస్తుందని కాకుండా, ఊరికే బయట తిరగడం అనేది ఒకటుందని ఎవరైనా వాళ్ళకి చూపించాలి. అందుకే మీ ఆలోచన నాకు నచ్చింది.

గంటస్తంభం
నవంబర్ 10, మధ్యాహ్నం 1:50

ఇక్కడ అందరూ తాతల్ని దేవుళ్ళని చేసేస్తున్నారు, కొంచెం ఆగండి. మాది విజయనగరం. జమీందార్లు, దొరలు పులుల్ని కొట్టి, వాటి మీద కాలు పెట్టి ఫొటోలు దిగిన నేల మనది. ఆ ఫొటోలు బంగళా గోడల మీద వేలాడేవి, ఈ గుంటలది స్టేటస్‌లో వేలాడింది. వాళ్ళ వేటకి నియమాలుండేవి అంటారు. ఉండేవేమో, పులులు మాత్రం మిగల్లేదు. ఆఖరికి 1972లో చట్టం తెచ్చి వేట ఆపాల్సి వచ్చింది.

ఆట మర్యాద సంగతీ అంతే. మా రాజకుమారుడు విజ్జీ హాబ్స్, సట్‌క్లిఫ్ లాంటి ఇంగ్లండ్ క్రికెటర్లని పిలిపించి తన జట్టులో ఆడించినవాడు. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టుకి ఆయనే కెప్టెన్. ఆ పర్యటనలో బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్టు కూడా ఆడకముందే ఓడెక్కించి ఇంటికి పంపేశారు. డబ్బు, మైదానం, గురువులు, అన్నీ ఉన్నచోట కూడా మర్యాద దానంతటది రాలేదు. ఆయన పేరు మీద స్టేడియం ఉంది, నేనూ అక్కడే వాకింగ్ చేస్తాను, అది వేరే విషయం.

ఇక తెప్ప గారి తాత. ఆయన కొర్రమీను తల్లిని ఎందుకు వదిలాడు? వచ్చే ఏడాది కూర అదే చెరువులోంచి రావాలి కాబట్టి. చెరువు చెడితే ఆయన కడుపు మాడుతుంది. ఇప్పటి గుంటడికి కూర చెరువులోంచి రావడం లేదు, సంతలోంచో ఐసు పెట్టెలోంచో వస్తోంది. చెరువుతో వాడికి అవసరం తెగిపోయింది. అవసరం తెగినచోట తాతగారి నియమం తెచ్చి అతికిస్తే అతుక్కోదు. వాడికి ఇంకో కారణం దొరకాలి. అదేమిటో నేను చెప్పలేను, మాస్టారే వెతకాలి.

భావనపాడు_తెప్ప
నవంబర్ 10, సాయంత్రం 6:10

గంటస్తంభం గారూ, మా తాతకి ఆకలి ఉండేది, నిజమే. అదే చెరువు మీద ఆకలి ఉన్న ఇంకో నలుగురు ఎర్ర మంద మీదే గేలం వేసేవాళ్ళు కూడా. ఆకలి ఒక్కటే నేర్పితే అందరికీ నేర్పాలి కదా.

గంటస్తంభం
నవంబర్ 10, సాయంత్రం 6:31

ఇది ఒప్పుకుంటున్నాను.

అమ్మడు_అమ్మ
నవంబర్ 11, ఉదయం 11:20

అన్నయ్యలూ, ఇంతసేపూ గుంటడు, కుర్రాడు, తాత అనే మాటలే వింటున్నాను. మాది ఆమదాలవలస. మా పక్కనే ఊసవానిపేట. అక్కడి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. అటు విజయనగరం జిల్లాలో కొండవెలగాడ చూడండి, ఊరికి ఊరే బరువులెత్తుతుంది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌లో పతకం తెచ్చింది. అయినా మా అమ్మాయి ఏటికి వెళ్తానంటే ఇంట్లో పెద్దావిడ "ఆడపిల్లకి ఏరెందుకే" అంటుంది.

మా అమ్మడికి పన్నెండేళ్ళు. గేలానికి వానపాముని నాకంటే బాగా గుచ్చుతుంది. మాస్టారూ, మీ ఆదివారం జట్టులో ఆడపిల్లలు ఉంటారా? ఉండాలంటే మీతోపాటు ఒక టీచరమ్మో, ఇద్దరు తల్లులో రావాలి. మధ్యాహ్నం రెండింటికల్లా ఇంటి దగ్గర ఉండాలి. బట్టలు మార్చుకోవడానికి, బాత్రూముకి చోటు దగ్గర్లో ఉందో లేదో ముందే చూడాలి. ఇవి చిన్న విషయాలని మగవాళ్ళు అనుకుంటారు. అక్కడే మా పిల్లలు ఆగిపోయేది.

ఉద్దానం_జీడి
నవంబర్ 11, రాత్రి 9:45

అమ్మడు_అమ్మ అప్ప చెప్పినది కరెక్టు. నేను ఇంకో రెండు జాగ్రత్తలు చెబుతాను.

ఏట్లో లోతు ఎక్కడుందో పాతవాళ్ళకి తెలిసేది, ఇప్పుడు ఎవరికీ తెలీదు. ఇసుక తవ్విన గోతులు పైకి కనబడవు. మోకాలి లోతులో నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగులో మెడలోతుకి దిగిపోతారు. ప్రతి వేసవిలో మన జిల్లాలో పిల్లలు పోతున్నది ఎక్కువగా అలాగే. ఈత వచ్చినా సరే, నీటిలో దిగడం వద్దు, ఒడ్డు మీద నుంచే గేలం. వానల్లో అయితే గొట్టా బ్యారేజీ దగ్గర నీళ్ళు వదులుతున్నారేమో కనుక్కోకుండా కదలకండి. ఇక్కడ చినుకు లేకపోయినా పైన ఒడిశాలో వాన పడితే చాలు.

మా ఉద్దానం వైపు వస్తే ఎలుగుబంట్ల సంగతి గుర్తుంచుకోండి. జీడిమామిడి, పనస పండే రోజుల్లో పొద్దు వాలాక, తెల్లవారకముందు తోటల్లోకి వెళ్ళకూడదు. వెళ్ళాల్సి వస్తే నలుగురు కలిసి గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తాం. ఎలుగుకి చూపు మందం. మనిషి అలికిడి లేకుండా దగ్గరికొచ్చేస్తే అది బెదిరి మీదపడుతుంది. 2018 తిత్లీ తుఫానుకి కొబ్బరి, జీడి సగానికి పైగా పడిపోయాక మా తోటల రూపే మారిపోయింది. నేను చిన్నప్పుడు తిరిగిన దారులు ఇప్పుడు మా వాడికి చూపిద్దామంటే ఆ చెట్లే లేవు. సరే, అది వేరే ఏడుపు.

బీరువా_తాళం
నవంబర్ 14, ఉదయం 10:05

ఈ రోజు నుంచి గ్రంథాలయ వారోత్సవాలు, అందుకే ఈ చర్చ వెతుక్కుంటూ వచ్చాను. నేను ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేస్తాను. మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద వచ్చేది మాకే. ఇక్కడికి వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ పుస్తకాల కోసమే. వాళ్ళ టెన్షన్ వాళ్ళది. చిన్నపిల్లలు వచ్చి కిచకిచలాడితే వాళ్ళే కసురుతారు, పిల్లలు మళ్ళీ రారు.

మాస్టారు బీరువా అన్నారు. తాళం ఎందుకు వేస్తారో నాకు తెలుసు. స్టాక్ రిజిస్టర్లో ఉన్న పుస్తకం పోతే ఎవరి మెడకి చుట్టుకుంటుందో అని భయం. పిల్లల పుస్తకం చిరగాలి, నలగాలి, తడవాలి. అలాంటివాటిని రద్దు కింద చూపించడానికి పద్ధతి ఉంది, మీ హెడ్మాస్టరుతో కూర్చుని ఆ కాగితం పని ఒకసారి చేసేయండి. ఏటికి తీసుకెళ్ళే పుస్తకం మీద మీకు ఆశ ఉండకూడదు.

ఇక చదివించడం గురించి. మా దగ్గరికి ఒక ఆరో తరగతి గుంటడు వస్తాడు. వాళ్ళ తాతకి చదువు రాదు, చెరువు మీదే బతికాడు. ఒకరోజు కొర్రమీను పెంపకం మీద మత్స్యశాఖ కరపత్రం టేబుల్ మీద ఉంటే వీడు పట్టుకెళ్ళాడు. సాయంత్రం అరుగు మీద తాతకి చదివి వినిపించాడట. కొర్రమీను గాలి పీలుస్తుంది అనగానే ముసలాయన నవ్వాడట, "ఆ ముక్క రాయడానికి అంత కాయితమేటిరా? ఎండల్లో బురద తవ్వితే బతికే దొరుకుతాది గదా" అని. వాడు మర్నాడు వచ్చి నాతో, "సార్, మా తాతకి పుస్తకంలో ఉన్నవన్నీ తెలుసు" అన్నాడు. అయితే పిల్లలకి తండ్రి చేప కూడా కాపలా ఉంటుందని ఇంకో పుస్తకంలో చూపించాను. ఆ మాట ముసలాయన నమ్మలేదు. ఇప్పుడు ఇద్దరికీ పందెం. వచ్చే వానలకి చెరువు మీద తేల్చుకుంటారట. ఆ పందెం కోసం వాడు నా దగ్గర చేపల మీదున్నవన్నీ తిరగేస్తున్నాడు.

కాబట్టి పుస్తకాన్ని పెద్దవాళ్ళ దగ్గరికి పంపండి. చదువు రాని తాత, నాయనమ్మ ఇంట్లో ఉంటే అది అదృష్టం. వాళ్ళకి చదివి వినిపించే పని పిల్లలకి అప్పగించండి. తప్పు పట్టేవాళ్ళు ఎదురుగా ఉంటే ఏ పిల్లాడైనా జాగ్రత్తగా చదువుతాడు.

శ్రీకాకుళం వస్తే కథానిలయం కూడా చూపించండి. కారా మాస్టారు, అంటే కథా రచయిత కాళీపట్నం రామారావు, తనకు వచ్చిన అవార్డుల డబ్బు పెట్టి 1997లో మొదలుపెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనీ ఒకచోటికి చేర్చాలనే పట్టుదల అది. అంత పాత పత్రికల అట్టలు పిల్లలు ఇంకెక్కడా చూడలేరు.

చిలకపాలెం_జంక్షన్
నవంబర్ 14, మధ్యాహ్నం 12:40

సెస్సు 8 పైసలు వసూలు చేసి మున్సిపాలిటీలు, పంచాయతీలు మీకు జమ చేస్తున్నాయా సార్ అసలు?

అడ్మిన్
నవంబర్ 14, మధ్యాహ్నం 3:15

సెస్సు బకాయిల మీద వచ్చిన పదిహేడు కామెంట్లని వేరే చర్చకి మార్చాం. ఇక్కడ పిల్లలు, ఏరు, పుస్తకాలు మాత్రమే.

కొంగల_కాపలా
నవంబర్ 15, రాత్రి 8:20

తేలినీలాపురం దగ్గరి వాణ్ణి. మాస్టారూ, కొంగని కొట్టిన గుంటల్ని తీసి పక్కన పెట్టకండి. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకని కొట్టాడు. దాని మెడ మీద పసుపు మచ్చ చూసి ఇదేం పిచ్చుక అని అడిగితే, వాళ్ళ మామయ్య బొంబాయిలోని నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపించాడు. అక్కడి మిల్లార్డ్ అనే ఆయన తిట్టలేదు. పిచ్చుక పేరు చెప్పి, అరల్లో దాచిన పక్షులన్నీ తెరిచి చూపించి, పుస్తకాలిచ్చాడు. మన దేశంలో పక్షుల శాస్త్రం అక్కణ్ణుంచి ఎంత దూరం వెళ్ళిందో మీకు తెలుసు. అయితే ఇప్పుడు చట్టం వేరు. కొంగైనా, గువ్వైనా, చిలుకైనా కొట్టడం, పట్టడం నేరం. ఆ సంగతి వాళ్ళకి మెత్తగానే అయినా స్పష్టంగా చెప్పాలి.

మా వైపు రండి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊళ్ళో చింతచెట్ల మీద, ఇళ్ళ మధ్యలో గూళ్ళు పెడతాయి. ఆ కంపు, ఆ రెట్ట, రాత్రంతా ఆ గోల, అన్నీ భరిస్తూ ఊరంతా వాటిని కాపాడుకొస్తోంది. పక్షులు రాకపోతే ఊరికి మంచిది కాదని మా పెద్దల నమ్మకం. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలకీ ఇదే మర్యాద. అవి పొలాల్లో నత్తల్ని ఏరి తింటాయి, రైతుకి ఆ లాభం కూడా ఉంది.

ఇక్కడ పిల్లలకి చదువు పనికొచ్చే చోటు ఒకటుంది. ప్రతి ఏడాదీ పేపర్లో "సైబీరియా నుంచి వేల మైళ్ళు ఎగిరొచ్చిన అతిథులు" అని రాస్తారు. వచ్చినవాళ్ళందరూ అదే చెప్పుకుంటూ వెళ్తారు. మీ పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగండి. సైబీరియా నుంచి చలికి పారిపోయి వచ్చే పక్షి గుడ్లు ఎక్కడ పెడుతుంది? వేసవిలో తన సొంత చోట పెడుతుంది, ఇక్కడికి చలికాలం తిండి కోసమే వస్తుంది. మరి మా చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని పొదిగి, పెంచి, ఎగరడం నేర్పే పక్షి సైబీరియాది ఎలా అవుతుంది? పక్షుల పుస్తకం తీసి చూడమనండి. ఈ రెండు రకాలూ దక్షిణాసియా పక్షులే. ఎక్కడ నీళ్ళుంటే అక్కడికి తిరుగుతాయి, అంతే.

ఉద్దానం_జీడి
నవంబర్ 15, రాత్రి 9:05

అంటే మా నాన్న చెప్పింది, బడిలో చెప్పింది, పేపర్లో చదివింది, అన్నీ తప్పేనా? సైబీరియా అంటేనే పిల్లలకి కళ్ళు పెద్దవవుతాయి భయ్యా. లోకల్ పక్షులంటే ఎవరు చూస్తారు?

కొంగల_కాపలా
నవంబర్ 15, రాత్రి 9:30

చూస్తారు. మా ఊళ్ళో పుట్టిన పక్షి అని చెప్పి చూడండి. నిజంగా ఉత్తరాది దేశాల నుంచి వచ్చేవి కావాలంటే నౌపడ ఉప్పుమడుల్లోకి చలికాలంలో రండి, అవీ కనబడతాయి, కానీ ఒక్క గూడు కూడా కట్టవు. ఆ తేడా పిల్లలు తమ కళ్ళతో చూస్తారు.

ఒక షరతు. గూళ్ళున్న చెట్ల కిందకి వెళ్ళడం, చప్పట్లు కొట్టి లేపడం, డ్రోన్ ఎగరేయడం వద్దు. పెద్ద పక్షులు ఒక్కసారి లేచాయంటే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. దూరం నుంచి, కుదిరితే బైనాక్యులర్‌తో చూడండి.

గట్టుమీద_మాస్టారు
డిసెంబర్ 14, రాత్రి 9:10

ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు ఏమీ అనుకోకండి, కొన్ని ఆదివారాలు అయ్యాక రాద్దామనుకున్నాను. తెలుగు టీచరమ్మ కలిసొచ్చారు, ఆడపిల్లలు కూడా వస్తున్నారు, నలుగురు తల్లులు వంతులు వేసుకున్నారు. అమ్మడు_అమ్మ గారూ, రెండు గంటల నియమం పెట్టాం.

చెట్టు కింద కూర్చోబెట్టి కథ చదివితే ఒక్కరూ వినరు. ఎదురుగా నీళ్ళు కదులుతుంటే ఎవరు మాత్రం వింటారు? టీచరమ్మ తెలివైనవారు, పుస్తకం మూసేసి "సరే, కథ సగంలో ఉంది, మిగతాది రేపు బడిలో" అన్నారు. సోమవారం బీరువా దగ్గర ముగ్గురు నిలబడ్డారు. ఎక్కువమంది కాదు, ముగ్గురే.

అసలు చదువు గొడవతో మొదలైంది. ఏటి మీద నలుపు తెలుపు లకుముకి పిట్ట ఒకటి గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, నిట్టనిలువునా నీళ్ళలోకి దూకింది. లకుముకిలన్నీ ఇలాగే దూకుతాయని ఒకడు, నీలం లకుముకి కొమ్మ మీద కూర్చునే దూకుతుంది తప్ప గాల్లో నిలబడదని ఒక పిల్ల. ఇద్దరూ వెనక్కి తగ్గలేదు. నేను జవాబు చెప్పలేదు, టీచరమ్మనీ చెప్పనివ్వలేదు. మర్నాడు పక్షుల పుస్తకం వాళ్ళే తీశారు. గాల్లో నిలబడి వేటాడటం ముఖ్యంగా ఆ నలుపు తెలుపుదాని పద్ధతేనట, నీలంది ఎక్కువగా కొమ్మ మీంచే దూకుతుందట, ఆ పిల్ల గెలిచింది. ఆ గెలుపు ఊరంతా చాటింది. అప్పటినుంచి ఒక నోటు పుస్తకం పెట్టాం. చూసింది రాయాలి, ఎవరు చూశారో పేరు రాయాలి, పుస్తకంలో ఉందో లేదో పక్కన రాయాలి. మూడో గడి ఖాళీగా ఉంటే వాళ్ళకి నిద్ర పట్టడం లేదు. గంటస్తంభం గారూ, మీరు వెతకమన్న కారణం ఇదేనని అనను. ప్రస్తుతానికి ఇది పనిచేస్తోంది.

గేలం నేనూ పట్టాను. కూరకి సరిపడా, అంతే. చిన్నవి వదిలేస్తున్నారు, చేతులు తడుపుకుని మరీ. ఎర్ర మంద సంగతి తెప్ప గారి మాటల్లోనే చెప్పాను. ఇది మందల కాలం కాదు, వానలకి చూడాలి, కానీ కొత్తగా వచ్చిన వాడికి పాతవాడు చెబుతుండగా విన్నాను. తాత పేరు, ఊరు మార్చి తన తాత అన్నట్టే చెబుతున్నాడు. పోనీలెండి.

కుదరనివీ ఉన్నాయి. ఒక ఆదివారం పైవార నుంచి కొందరు పెద్దవాళ్ళు బ్యాటరీ, ఇన్వర్టర్ తెచ్చి నీళ్ళలో కరెంటు పెట్టారు. చిన్నాపెద్దా చేపలన్నీ తెల్లగా తేలాయి. పిల్లలు నా వైపు చూశారు. వాళ్ళని దూరంగా పంపి నేను వెళ్ళి మాట్లాడాను. "మీ బడి మీరు చూసుకోండి మాస్టారూ" అన్నారు. తిరిగొచ్చి పిల్లలకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఫిర్యాదు రాశాం, టీచరమ్మ, నేను సంతకం పెట్టాం, పిల్లల పేర్లు పెట్టలేదు. జవాబు ఇంకా రాలేదు.

కొంగని కొట్టిన జట్టులో ఒక్కడే వచ్చాడు. రెండోసారి రాలేదు. వాళ్ళ చెల్లి మాత్రం వస్తోంది.

హవల్దార్_రిటైర్డ్
డిసెంబర్ 14, రాత్రి 9:50

కరెంటు పెట్టినవాళ్ళ దగ్గరికి ఒక్కరే వెళ్ళకండి. వచ్చే ఆదివారం మేం నలుగురం ఎక్స్‌సర్వీస్‌మెన్ వస్తాం. గొడవకి కాదు, ఊరికే గేలాలు వేసుకుని పక్కన కూర్చుంటాం.

భావనపాడు_తెప్ప
డిసెంబర్ 15, ఉదయం 6:40

సముద్రం సంగతి తర్వాత చెబుతానన్నాను కదా. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రి ఒడ్డెక్కి, ఇసుకలో గొయ్యి తీసి, ఒక్కో తాబేలు నూరు దాకా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్ళిపోతుంది. అటవీశాఖ వాళ్ళు చాలాచోట్ల గుడ్లు ఏరి కంచె వేసిన చోట పాతిపెడతారు. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు వస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి ఎక్కువ పుడతాయి. ఇది మా నాన్నకి తెలీదు, మా అమ్మాయి పుస్తకంలో చదివి ఆయనకి చెప్పింది. ఆయన చాలాసేపు ఇసుకలో చెయ్యి పెట్టి చూశాడు.

మీ పిల్లల్ని తీసుకొస్తే అటవీశాఖ బీట్ ఆఫీసరుకి ముందే చెప్పి అనుమతి తీసుకోండి. టార్చిలు, ఫోన్ ఫ్లాష్‌లు ఉండకూడదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుతురు ఎటుంటే అటే పాకుతుంది. ఫ్లాష్ వేస్తే సముద్రం వదిలేసి మీ వైపు వస్తుంది. స్టేటస్ పెట్టే అలవాటున్నవాళ్ళు ఆ ఒక్క గంట ఫోను జేబులో ఉంచుకోగలరో లేదో అక్కడే తెలిసిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మాకు వేట నిషేధం. ఆ రోజుల్లో వస్తే వలలు బాగుచేయడం నేర్పుతాం, తీరిగ్గా ఉంటాం.

అమ్మడు_అమ్మ
డిసెంబర్ 15, ఉదయం 10:15

తాబేళ్ళు రాత్రిపూట కాబట్టి మా పిల్లల్ని అప్పుడే పంపలేను. ముందు తేలినీలాపురం పెట్టుకుందాం. సంక్రాంతి సెలవుల్లో అయితే నేనూ వస్తాను, మా అత్తగారిని కూడా ఎక్కించుకొస్తాను, చూస్తే ఆవిడే మారుతుంది.

కొంగల_కాపలా
డిసెంబర్ 15, మధ్యాహ్నం 1:30

పండగ మూడు రోజులూ వదిలేసి ఆ తర్వాత రండి, పండక్కి జనం ఎక్కువ. గూళ్ళలో పిల్లలు కనబడే రోజులే అవి. టెక్కలి దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. పొద్దున్న ఏడింటికల్లా చేరితే మంచిది, ఎండెక్కితే గోల తగ్గిపోతుంది. ఎంతమందో రెండు రోజుల ముందు చెబితే ఊళ్ళో ఉప్మా చేయించి ఉంచుతాం.

గట్టుమీద_మాస్టారు
డిసెంబర్ 15, రాత్రి 8:05

ఇరవై రెండు మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు. బీరువా_తాళం గారూ, మీ దగ్గర బైనాక్యులర్ ఉందన్నారని విన్నాను, ఒక రోజుకి ఇస్తారా?

బీరువా_తాళం
డిసెంబర్ 15, రాత్రి 8:22

ఇస్తాను. అది నా సొంతం, స్టాక్ రిజిస్టర్లో లేదు.